మచ్చ ఉన్నవాళ్లు ఇటు, లేనివాళ్లు అటు

మే 28

పిన్నికి,

నమస్కారాలు ఈసారికి లేవు. ఉన్నదంతా కోపమే. ఫోన్ చేసి అడగొచ్చుగా అంటావు. ఫోన్‌లో నువ్వు "ఉండరా, మీటింగులో ఉన్నా" అని జారుకుంటావు. కాగితం మీద జారడం కుదరదు. పోస్టు మూడు రోజులు పట్టినా సరే, నువ్వూ కాగితం మీదే జవాబివ్వు.

మా లాండ్రీకి నీ వాళ్లు వచ్చారు. నీ వాళ్లు అని ఎందుకన్నానంటే, వాళ్లు తెచ్చిన టీకా మిషను మీ లాబొరేటరీలో నీ బల్ల మీద పుట్టిందని అక్క చెప్పింది. దగ్గుజ్వరానికి కొత్త టీకా అట. డీఎన్ఏ టీకా అట. పెద్దాసుపత్రి దుప్పట్లన్నీ మా దగ్గరికే ఉతకడానికి వస్తాయి కాబట్టి, ఊళ్లో అందరికన్నా ముందు దగ్గేది మేమే కాబట్టి, పరీక్షకి మేమే దొరికాం. ఎలుకలు అయిపోయాయా పిన్నీ? లేక ఎలుకలు సంతకం పెట్టవనా?

సబ్బుల కొట్టుని ఖాళీ చేసి, మధ్యలో చెక్క అడ్డం పెట్టి రెండు గదులు చేశారు. ఒక్కో గదిలో ఒక నర్సు, ఒక మిషను. బయట ఒక తెల్లకోటాయన. ఆయన పదకొండు పేజీల ఒప్పందం కాగితం చదివి వినిపించిన వేగానికి ఎక్స్‌ప్రెస్ రైలు కూడా పక్కకి తప్పుకుంటుంది. "అర్థమైందా?" అన్నాడు. "అయింది," అన్నారు అందరూ. తిండి బెల్లు కొట్టే టైమయింది మరి.

నేను మాత్రం చెయ్యెత్తి అడిగాను. "సగంమందికి మందు, సగంమందికి ఉప్పునీళ్లు అని ఏడో పేజీలో ఉంది. ఎవరికి ఏదో ఎవరు నిర్ణయించారు?"

"కంప్యూటరు," అన్నాడు.

చూశావా! అన్యాయం చేసేటప్పుడు ఆ కంప్యూటరు ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. మా జీతాలు పెంచమంటే మాత్రం చెడిపోతుంది.

ఊళ్లో ఒక కరపత్రం తిరుగుతోంది, ఈ టీకాతో మనుషుల పుట్టుకే మారిపోతుందని. ఆ చెత్త నేను నమ్మను. నేను చదివేవి అలాంటివి కాదు. మా ఇస్త్రీ మామ మాత్రం నమ్మాడు. "నిజంగా పుట్టుక మారుతుందా? అయితే ముందు మా అల్లుడికి రెండు వెయ్యండి," అని తెల్లకోటాయన కాళ్లకి అడ్డం పడ్డాడు.

నేనూ అక్కా ఇద్దరం వేయించుకున్నాం. అక్క మొదటి గది, నేను రెండో గది. సూది లేదు. టార్చిలైటులాంటి మిషను భుజానికి ఆనించి టక్‌మనిపించారు. అంతే. నేను వేయించుకున్నది నీ కంపెనీ మీద నమ్మకంతో కాదు. బయట నిలబడి తిట్టేవాడికి లోపలి సంగతి తెలియదని ఎక్కడో చదివాను, అందుకు.

ఇప్పుడు చెప్పు. సొంత అక్కచెల్లెళ్ల పిల్లల ఒంట్లో ఉప్పునీళ్లు పోసే పని నీకు రాత్రిపూట నిద్ర పట్టనిస్తోందా?

కోపం తగ్గని,
నీ అక్క కొడుకు


జూన్ 4

ఒరేయ్ కరపత్రం,

నీకు ఈ పేరు ఖాయం చేశాను. అటూ ఇటూ అచ్చు, మధ్యలో ఏమీ ఉండదు.

నిద్ర బాగానే పడుతోంది. అడిగినందుకు సంతోషం. మీ అక్క భోంచేసిందా, దాని నడుంనొప్పి తగ్గిందా అని కూడా ఒక వాక్యం రాసి ఉంటే ఇంకా సంతోషించేదాన్ని.

డీఎన్ఏ టీకా సంగతి నీ పుస్తకాల్లో ఉండదు కాబట్టి నేను చెబుతాను. మామూలు టీకాలో రోగక్రిమినో, దాని ముక్కనో పట్టుకొచ్చి ఒంటికి చూపిస్తారు, "ఇదిగో దొంగ, మొహం గుర్తుపెట్టుకో" అని. మేం దొంగని తీసుకురాం. దొంగ మొహం ఎలా గీయాలో రాసిన చీటీ ఒకటి లోపలికి పంపుతాం. చీటీ డీఎన్ఏ అక్షరాల్లో ఉంటుంది. మన కణాలే అది చదువుకుని, ఆ మొహం గీసి, ఒంట్లో కాపలావాళ్లకి చూపిస్తాయి. కొన్నాళ్లకి చీటీ చిరిగిపోతుంది. ఎవరి పుట్టుకా మారదు. మీ ఇస్త్రీ మామ అల్లుడు అలాగే ఉంటాడని నా తరఫున చెప్పు, సానుభూతితో.

చీటీ రాయడం ఏనాడో చేతనైంది. చేరవేయడమే చేతకాలేదు. సూదితో వేస్తే అది కణం గుమ్మం బయటే పడి ఉంటుంది, తాళం వేసిన ఇంటి ముందు మూట దింపి వచ్చినట్టు. ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. మనుషుల్లో తుస్సుమంది. తర్వాత చిన్న కరెంటు చురక పెట్టి తలుపులు తెరిపించాం. పనిచేసింది. కానీ ముందు నా చేతి మీద పెట్టుకుని చూశాను. పోయిన మీ అమ్మమ్మ కళ్లముందు కనబడింది. ఇలాంటిది నీలాంటివాడికి పెడితే ప్రభుత్వాలే కూలిపోతాయి. అందుకే ఈ మిషను. లోపలి స్ప్రింగు మందుని వెంట్రుకంత సన్నటి ధారగా చర్మంలోకి తోస్తుంది. ఆ తోపుకే కొన్ని తలుపులు తెరుచుకుంటాయి. ఇందులో నా జుట్టు సగం తెల్లబడింది. నువ్వు దాన్ని టార్చిలైటు అన్నావు.

ఎవరికి ఏది పడిందో వేసిన నర్సుకి తెలియదు, మీకు తెలియదు, నాకూ తెలియదు. తెలిస్తే ఆశ ఉన్నవాడు తక్కువ దగ్గుతాడు, లేనివాడు ఎక్కువ దగ్గుతాడు. మందు పనిచేసిందో ఆశ పనిచేసిందో తేలదు. అందుకే దాస్తాం.

వేయించుకున్న చోట కొందరికి పెసరగింజంత ఎర్ర మచ్చ వస్తుంది, కొందరికి రాదు. కంగారు పడొద్దు. పరీక్ష గురించి మీతో ఇంతకన్నా మాట్లాడకూడదు. నిజానికి ఇంత కూడా మాట్లాడకూడదు.

సబ్బు మిగిలితే ముందు ఆ నోరు కడుక్కో.

నీ పిన్ని


జూన్ 12

పిన్నీ,

నీ ఉత్తరం చదివి ఒక పూట అన్నం కూడా మరిచిపోయాను. అక్క నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది. జ్వరం కాదు, వెలుగు!

"కొందరికి మచ్చ వస్తుంది, కొందరికి రాదు." ఇంతకన్నా మాట్లాడకూడదన్నావు. నువ్వు మాట్లాడక్కర్లేదు. నోరు కట్టేసిన మనిషి కళ్లతో చెబుతుంది, నాకు అర్థమైంది. మందు పడినవాడికి మచ్చ. నీళ్లు పడినవాడికి ఏం మచ్చ వస్తుంది, నీళ్లకి మచ్చ పడితే మా లాండ్రీ ఎప్పుడో మూతపడేది!

మర్నాడు తిండి బెల్లు కొట్టగానే ఆరేసే పెరట్లో బల్ల ఎక్కాను.

"చొక్కా చేతులు మడవండి! మచ్చ ఉన్నవాళ్లు ఇటు, లేనివాళ్లు అటు!"

"ఎందుకురా, సంతలో గొడ్లమా?" అంది అక్క.

"నా చేతినిండా ఇస్త్రీ కాలిన మచ్చలే. నేను ఏ వరసలో చావను?" అన్నాడు ఇస్త్రీ మామ. వెతికి చూస్తే ఎర్ర మచ్చ లేదు. అటు తోసేశాను.

ఐదు నిమిషాల్లో నీ కంప్యూటరు గుట్టు రట్టయింది. మొదటి గదిలో వేయించుకున్నవాళ్లలో దాదాపు అందరికీ మచ్చ. రెండో గదివాళ్లలో దాదాపు ఎవరికీ లేదు. రెండో గది అంటే నీళ్ల గది అన్నమాట! అక్కకి మచ్చ ఉంది. నాకు లేదు. నాకు నీళ్లు పోసినందుకు నిన్ను క్షమిస్తున్నాను, ఎందుకంటే దానివల్ల నాకొక ఆయుధం దొరికింది.

ఆ ఆయుధం ఏమిటో చెబుతాను. పెద్దాసుపత్రిలో దగ్గుజ్వరం వార్డుకి రోజూ మాలో నలుగురు వెళ్లి మాసిన దుప్పట్లు మూటగట్టి తేవాలి. ఎవరు వెళ్లాలో ఇన్నాళ్లూ మేనేజరు ఇష్టం. ఎదురు మాట్లాడినవాడిని పంపేవాడు. ఎక్కువసార్లు వెళ్లింది ఎవరో నీకు చెప్పక్కర్లేదు. ఇకనుంచి మచ్చ ఉన్నవాళ్లే వెళ్లాలి అని తీర్మానించాం. రక్షణ ఉన్నవాడు ముందు నడవాలి, లేనివాడు వెనక. దీనికన్నా న్యాయం ఏముంది? మేనేజరు దగ్గరికెళ్లి బల్ల గుద్ది చెప్పాను. ఒక్క మాటకే ఒప్పుకున్నాడు. ప్రజల బలం అలాంటిది.

మొదట పేరిచ్చింది అక్క. "మా పిన్ని మందే కదా," అంది గర్వంగా. భోంచేసింది. నడుంనొప్పి అలాగే ఉంది.

విజయోత్సాహంతో,
కరపత్రం (ఈ పేరు నాకు నచ్చింది)


జూన్ 18

ఒరేయ్,

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చుని ముగించాను.

మచ్చ మందుది కాదు. మచ్చ మిషనుది. ధార చర్మాన్ని పొడిచినచోట ఎర్రబడుతుంది. ఆ ధారలో మందున్నా ఎర్రబడుతుంది, ఉప్పునీళ్లున్నా ఎర్రబడుతుంది. తలుపు మీద గుద్దితే చప్పుడవుతుంది. గుద్దింది చుట్టమో దొంగో చప్పుడు చెప్పదు. ప్రతి గదిలోనూ మందు సీసాలూ నీళ్ల సీసాలూ కలిసే ఉన్నాయి. నీళ్ల గది లేదు, మందు గది లేదు. ఉన్నదల్లా నీ ఖాళీ బుర్ర గది.

నీకు తెలియనిది నువ్వు తెలుసుకున్నాననుకోవడం ఒక రోగం. దానికి టీకా మేం ఇంకా కనిపెట్టలేదు. కానీ ఆ తెలియనిదాన్ని బల్ల ఎక్కి పంచిపెట్టి, దాంతో మనుషుల్ని జ్వరం వార్డులోకి తోలడం రోగం కాదు, నేరం. మేనేజరు ఒక్క మాటకే ఒప్పుకున్నాడంటే అప్పుడైనా నీకు అనుమానం రావద్దూ? ఆ మనిషి నీ మాటకి ఎప్పుడు ఒప్పుకున్నాడు?

ఈ ఉత్తరం అందగానే అదే బల్ల ఎక్కు. మచ్చ మాట తప్పు అని చెప్పు. తీర్మానం చింపెయ్యి. మీ అక్కని ఆ వార్డు గుమ్మం తొక్కనివ్వకు.

ఒక్క ప్రశ్న. రెండో గదిలో మిషను తీసేశాక మీ చేతులు తడిగా ఉన్నాయా? వంకర సమాధానం వద్దు. ఉన్నాయా, లేవా?

పిన్ని


జూన్ 25

పిన్నీ,

నీ ఉత్తరాన్ని పెరట్లో అందరికీ గట్టిగా చదివి వినిపించాను. నేను నిజాయితీపరుణ్ణి, నాకు వ్యతిరేకంగా ఉన్నది కూడా చదువుతాను. "ఖాళీ బుర్ర గది" దగ్గర చప్పట్లు కొట్టారు. ఇస్త్రీ మామ ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

చివరికి అక్కే అంది, "పాపం పిన్ని. చెప్పకూడదు కదా. అలాగే రాయాలి మరి." అందరూ తలాడించారు. నువ్వు అక్కకి ఫోన్ కూడా చేశావట. అది ఎత్తి, "నువ్వేం చెప్పకు పిన్నీ, నీ ఉద్యోగం పోతుంది. మాకు అర్థమైందిలే," అని పెట్టేసిందట. మళ్లీ చేశావట. దానికి నవ్వొచ్చి ఎత్తలేదట. మొదటి ఉత్తరంలో వంకాయ తరిగినంత తీరిగ్గా సైన్సు చెప్పినదానివి, మచ్చ మాట పట్టుకోగానే ఇంత మండిపడ్డావంటేనే తెలుస్తోంది, పట్టుకున్నది నిజమని. ఏ కంపెనీ అయినా కాదు కాదు అని ఎంత గట్టిగా అరిస్తే అది అంత అవును అని నేను చదివాను.

తీర్మానం చింపలేదు. ఇప్పుడు వార్డు పని ఎంత చక్కగా సాగుతోందో చూడాలి నువ్వు. మచ్చవాళ్లు ధైర్యంగా వెళ్తున్నారు, తిట్టుకోకుండా వెళ్తున్నారు. అక్క అయితే రోజూ వెళ్తోంది. అక్కడ ముసలివాళ్లకి తలగడలు సర్ది కూడా వస్తోంది. ఉక్కపోస్తోందని ముక్కుకి గుడ్డ కట్టుకోవడం కూడా మానేసింది. "గొడుగు ఉన్నదానికి తల మీద గుడ్డెందుకు?" అంటుంది.

నీ ప్రశ్నకి జవాబు: తడిగానే ఉన్నాయి. నా మోచేతిదాకా కారింది. నర్సు దూదితో తుడిచేసింది. రెండో గదివాళ్లందరికీ అంతే. నీళ్లు పోస్తే తడవదా పిన్నీ? ఇందుకా నీ జుట్టు తెల్లబడింది?

నీ ఉద్యోగానికి నావల్ల ఏ ముప్పూ రాదు, భయపడకు. గుట్టు మా పెరడు దాటదు.

నీ మీద జాలితో,
కరపత్రం


జూన్ 29

నాన్నా,

ఫోన్ చేస్తే మీ ఇద్దరిలో ఎవరూ ఎత్తడం లేదు. తిట్టే ఓపిక లేదు. జాగ్రత్తగా చదువు. ఈసారి ఎవరికీ చదివి వినిపించి చప్పట్లు కొట్టించుకోకు.

నీ "తడిగానే ఉన్నాయి" అన్న మాట పట్టుకుని, రెండో గది మిషనుతో పాటు తయారైన మిగతా మిషన్లు తెప్పించి ఊడదీశాను. స్ప్రింగులు మెత్తగా ఉన్నాయి. ధార సగం దారిలోనే చచ్చిపోతోంది. చర్మంలోకి పోకుండా చేతి మీదే కారిపోతోంది. అంటే మీ రెండో గదిలో ఎవరి సీసాలో ఏమున్నా, అది ఒంట్లోకి సరిగ్గా పోలేదు. మందు పడాల్సినవాళ్లకి మందూ పోలేదు, నీళ్లు పడాల్సినవాళ్లకి నీళ్లూ పోలేదు. అందుకే మచ్చల్లేవు.

నీ రెండు వరసలకీ అర్థం ఉందిరా. నువ్వనుకున్న అర్థం కాదు. నువ్వు మందుని కనిపెట్టాననుకుని నా మిషను తప్పు పట్టుకున్నావు. గుడ్డివాడి రాయి గురికి తగిలిందని వాణ్ని పొగడలేను. తగిలింది నాకే కాబట్టి తిట్టనూ లేను.

ఇవాళ పొద్దున పైవాళ్లకి అంతా రాసి ఇచ్చాను. మా డైరెక్టరు, "నీ మిషను మీద నువ్వే ఫిర్యాదు చేస్తావా? ఇంకో నెల ఆగలేకపోయావా?" అన్నాడు. ఆగితే ఏమవుతుందని అడిగాను. "అనుమతి కాగితాల మీద సంతకాలైపోయేవి," అన్నాడు. ఇలాంటివాళ్ల మీద నువ్వు కరపత్రం రాస్తే నేను సొంత చేత్తో పంచుతాను. పరీక్ష ప్రస్తుతానికి ఆపేశారు.

ఇక అసలు మాట. మొదటి గదిలో మచ్చ వచ్చినవాళ్లకి ధార లోపలికి పోయింది. అంతే తెలుసు. ఏం ధారో ఎవరికీ తెలియదు. మీ అక్క చేతి మీద మచ్చ గొడుగు కాదు. గొడుగు కర్ర తగిలిన దెబ్బ కావచ్చు. ఇది అందగానే దాని మొహానికి గుడ్డ నువ్వే కట్టు. కట్టుకోనంటే మంచానికి కట్టెయ్యి.

పిన్ని


జూలై 1

పిన్నీ,

అక్కకి జ్వరం. నాలుగు రోజులైంది. మొదట నడుంనొప్పే అనుకుంది. నిన్నటినుంచి ఊపిరి అందడం లేదు. ఏ వార్డు దుప్పట్లు మోసిందో అదే వార్డులో, అదే రకం దుప్పటి కప్పుకుని పడుకుంది.

నీ మందు పనిచేయలేదు! ఇంత జుట్టు తెల్లబరుచుకుని కనిపెట్టింది ఇదా? పెద్ద మచ్చ పిన్నీ, అందరికన్నా పెద్ద మచ్చ అక్కదే. మందు అంత గట్టిగా పడ్డా జ్వరం వచ్చిందంటే అది మందేనా? నువ్వు దొంగ మొహం గీసిన చీటీ పంపావో, దొంగకి మా ఇంటి చిరునామా రాసి పంపావో చెప్పు.

పెరట్లో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. మచ్చవాళ్లు "ఇక వార్డుకి వెళ్లం" అని మొండికేశారు. మేనేజరు, "తీర్మానం మీరే చేశారుగా, మీరే వెళ్లండి," అని కుర్చీలో ఊగుతున్నాడు. ఇస్త్రీ మామ ఒక్కడే నా దగ్గరికొచ్చాడు. ఓదార్చడానికేమో అనుకున్నాను. "బల్ల మీంచి దిగావా, ఇంకా అక్కడే ఉన్నావా?" అని అడిగి వెళ్లిపోయాడు.

ఇక్కడ రాయడం ఆపి వార్డుకి వెళ్లొచ్చాను. ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను.

తెల్లకోటాయన వచ్చాడు. ఇలా జబ్బు ముదిరినప్పుడు ఆ మనిషికి ఏం పడిందో కంప్యూటరుని అడిగి తెలుసుకోవచ్చట, వైద్యానికి అవసరమైతే. ఆసుపత్రి డాక్టరు అవసరమే అన్నాడు. అక్కని అడిగారు. అడగమని చెయ్యి ఊపింది. ఆయన వరండాలోకి వెళ్లి ఫోన్‌లో ఏవో అంకెలు చెప్పాడు. అవతల్నుంచి ఒక మాట చెప్పారు. తిరిగొచ్చి మాకు చెప్పాడు.

ఉప్పునీళ్లు.

అక్క నావైపు చూసింది. ముక్కుకి గొట్టం ఉంది, ఊపిరి చాలడం లేదు. తిడుతుందేమోనని దగ్గరికి వంగాను. నా చొక్కా గుండీ ఊడి ఉంటే పెట్టింది.

నేను ఇంకేం రాయను.


జూలై 6

నాన్నా,

నా ఉత్తరం, నీ ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నట్టున్నాయి. నాది వారం ముందు రాసి ఉంటే బాగుండేదని నేను, ముందు రాసినవి నమ్మి ఉంటే బాగుండేదని నువ్వు అనుకుంటూ కూర్చోవచ్చు. నేను కూర్చోను. రాత్రి ఆసుపత్రికి ఫోన్ చేశాను. మీ అక్కకి జ్వరం దిగిందని, సొంతంగా ఊపిరి పీలుస్తోందని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత ఏడ్చాను. ముందు ఏడవలేదు.

మచ్చ మిషనుదేనని, దాన్నిబట్టి ఏమీ ఊహించొద్దని ఒప్పందం కాగితంలో ఒక వాక్యం ఉండేది. నేనే రాశాను. పేజీలు ఎక్కువయ్యాయని ఆఫీసువాళ్లు కొట్టేశారు. పన్నెండో పేజీ వస్తుందట! పదకొండు పేజీలూ మిమ్మల్ని కాకుండా వాళ్లని కాపాడేవే కాబట్టి వాటిలో ఒక్క ముక్క కూడా పోలేదు. "పోనీలే, చిన్న వాక్యం" అనుకుని నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు మొదటి పేజీలో మొదటి వాక్యం అదే. మా డైరెక్టరుకి ఇష్టం లేదు. అతని ఇష్టంతో పని లేదు.

పరీక్షని పర్యవేక్షించే కమిటీ తేల్చింది. స్ప్రింగులు మార్చి రెండో గదివాళ్లందరికీ మళ్లీ వేయాలి. మళ్లీ కంప్యూటరే, మళ్లీ ఎవరికీ తెలియదు. చాలినంతమంది రాకపోతే మీ ఊళ్లో పరీక్ష ఎత్తేస్తారు. ఎత్తేస్తే ఈ టీకా పనికొస్తుందో రాదో తేలకుండానే అటకెక్కుతుంది. మీ అక్కకి నీళ్లు పడ్డాయి కాబట్టి మందు మంచిదని అనకు. ఒక్కరి జ్వరంతో ఏదీ తేలదు. తేలాలంటే జనం కావాలి.

వాళ్లు తెల్లకోటు మాట వినరు. వినాల్సిన పని కూడా లేదు. నిన్ను చెప్పమని అడగను. నీ బల్ల ఉపన్యాసాలు చాలు. కానీ వాళ్లకి ఏం కావాలో కనుక్కుని నాకు రాయి. అది నా తలమీద పెట్టుకుని చేయిస్తాను.

పిన్ని


జూలై 22

పిన్నీ,

ఉత్తరం రాసి చాలా రోజులైంది. అక్క ఇంటికొచ్చింది. గదిలో అటునుంచి ఇటు నడిస్తే ఆయాసం, కానీ నన్ను తిట్టడానికి మాత్రం ఊపిరి సరిపోతోంది.

పోయిన వారం తెల్లకోటాయన మైకు పట్టుకుని పెరట్లో, "సోదర సోదరీమణులారా" అన్నాడు. ఆరేసిన దుప్పట్లు విన్నాయి. మనుషులు వినలేదు. వాళ్లకి ఏం కావాలో నేను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడిగాను. బల్ల ఎక్కలేదు. ముగ్గురు మొహం మీదే తలుపేశారు. ఒకావిడ మాసిన నీళ్ల బకెట్టు నా కాళ్ల మీద కుమ్మరించి, "మచ్చ పడిందా చూసుకో," అంది. పడింది పిన్నీ, ప్యాంటు మీద.

చివరికి ఇస్త్రీ మామ చెప్పాడు. "మందో నీళ్లో దాచుకుంటే దాచుకోమను, అది వాళ్ల లెక్క. లోపలికి పోయిందో కారిపోయిందో మాత్రం మా కళ్లముందు తేలాలి. కారింది దూదితో తుడిచేసి పొమ్మంటే మేం రాం." అదే నీకు ఫోన్ చేసి చెప్పాను, నువ్వు మీవాళ్లని ఒప్పించావు. మిషను తీయగానే చేతి మీద తడి పీల్చే బ్లాటింగ్ పేపరు అద్దడం, తడి ఉంటే ఆ మిషను పక్కన పెట్టేయడం. అద్దేవాడు మా మనిషై ఉండాలన్నారు. ఆ మనిషిని ఎన్నుకోవడానికి, అక్క కూడా వినాలని, మా వాకిట్లోనే కూర్చున్నారు. నేను గోడ పక్కన నిలబడ్డాను.

"వీణ్నే పెట్టండి," అంది అక్క స్టూలు మీంచి. "వీడికి ఎవరి చేతులు చూడాలన్నా మహా సరదా."

నవ్వు ఆగాక ఎవరూ కాదనలేదు. అది నమ్మకమో శిక్షో నాకింకా తేలలేదు.

ఇవాళ పొద్దున మొదలైంది. మొదటి చెయ్యి నాదే. టక్. నా చేతికి నేనే కాగితం అద్ది అందరికీ చూపించాను. పొడిగా ఉంది. చూస్తుండగానే ఎర్రబడింది.

"ఏరా లీడరూ, మందా నీళ్లా?" అని అరిచాడు మామ.

"తెలియదు," అన్నాను.

"ఊహించి చెప్పు!"

"చెప్పను. తెలియదు."

జనం ముందు ఆ మాట అంటే నాలుక పడిపోతుందనుకున్నాను. పడలేదు. మామ గొణుక్కుంటూ చొక్కా మడిచి వచ్చి నిలబడ్డాడు. అతని వెనక ఒకావిడ, ఆవిడ వెనక ఇద్దరు. మధ్యాహ్నానికి వరస బాయిలరు గది దాటింది. అన్నీ పొడి చేతులే.

ఇందాక ఒక చెయ్యి తడిసింది. ఎక్కువ కాదు, కాగితం అంచు మాత్రం. నర్సు, "ఇంతేగా, పర్లేదు," అంది. పర్లేదనలేదు నేను. మిషను పక్కన పెట్టించాను. తెల్లకోటాయన, "ఇప్పుడు ఆపితే వీళ్లంతా వెళ్లిపోతారయ్యా, మళ్లీ రారు," అని నా చెవిలో బతిమాలాడు. వెళ్లిపోతే వెళ్లిపోతారని, ఆ కాగితం వరసలో చివరి మనిషిదాకా తీసుకెళ్లి చూపించాను. ఇంకో మిషను కోసం ఆయన ఆసుపత్రికి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తగలడని మాకెవరికీ తెలియదు.

ఆ సందులోనే ఇది రాస్తున్నాను. మీ డైరెక్టరుకి చెప్పు, వరస ఇంకా అలాగే ఉంది. బకెట్లు బోర్లించుకుని కూర్చున్నారు, నన్నూ నిన్నూ కలిపి తిడుతున్నారు, ఒక్కరూ లేవలేదు.

అదిగో, మిషను వచ్చింది. ఉంటాను.

నీ అక్క కొడుకు